కప్పలు లేని బావి

ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పని అబద్ధం చెప్పడం. రాళ్లెందుకు కొడుతున్నారు సారూ అని ఎవరైనా అడిగితే నీళ్ల కోసం అనాలి. వాగులో ఇసుక ఎందుకు జల్లిస్తున్నారంటే నీళ్ల కోసం. రాయి ముక్కను నాలుకతో నాకి ఎందుకు చూస్తున్నారంటే అదీ నీళ్ల కోసమే. రాగి అన్న మాట మాత్రం నోట్లోంచి రాకూడదు. ఆ మాట ఒక ఊళ్లో పడితే పొద్దుగూకేలోగా పది ఊళ్లకు పాకుతుంది. భూములు కొనేవాళ్లు జీపుల్లో దిగుతారు, ఉన్నవాళ్లు తమను ఖాళీ చేయిస్తారని హడలిపోతారు, తీరా చూస్తే రాగి ఉండదు. ఇదంతా మా పెద్దసారు నాకు మొదటిరోజే చెప్పాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ నీళ్ల పేరు చెప్పి నేను తాగిన మజ్జిగ గ్లాసులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎండాకాలం గొంతు తడవని ఊళ్లలో నీళ్ల కోసం వచ్చామంటే కొత్తల్లుడికి కూడా జరగని మర్యాద జరుగుతుంది.

డెబ్బైల మధ్యలో సంగతి ఇది. కరీంనగర్‌లో పుట్టి పెరిగి, భూగర్భశాస్త్రం చదివి, సర్వే ఉద్యోగంలో అప్పుడే చేరాను. మా క్యాంపు ఆదిలాబాద్ జిల్లాలో, ఖానాపూర్ దాటి అడవి వైపు పోయే దారిలో ఉండేది. దసరా పోగానే డేరాలు వేస్తే మళ్లీ తొలకరి పడేదాకా అక్కడే తిండి, అక్కడే నిద్ర. పెద్దసారు కోస్తా మనిషి. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు జరిగి ఎన్నో ఏళ్లు కాలేదు. ఆయన నోరు విప్పితే చాలు, ఊళ్లో మొహాలు బిగుసుకునేవి. అందుకని ఊళ్లో మాట్లాడే పని నాకు అప్పగించాడు. "నీ యాస వింటే నమ్ముతారయ్యా" అనేవాడు. నమ్మారు కూడా.

ఆయన మంచివాడే. కోపం తక్కువ, తిండి తక్కువ, మాట తక్కువ. ఒక్క విషయంలో మాత్రం పిచ్చి ఉండేది. పోర్ఫిరీ రాగి. ఆ మాట ఎత్తితే చేతిలో అన్నం ఆరిపోతున్నా పట్టించుకునేవాడు కాదు.

పోర్ఫిరీ అంటే ఒక రకం రాయి. మెత్తటి రాతిలో పెద్ద పెద్ద స్ఫటికాలు అక్కడక్కడా ఇమిడి ఉంటాయి, సర్వపిండిలో శనగపప్పు కనపడ్డట్టు. భూమి లోపల కరిగిన రాయి పైకి ఎక్కేటప్పుడు లోతులో నిదానంగా చల్లబడినంత సేపు పప్పులు తయారవుతాయి. పైకి వచ్చాక మిగిలింది గబగబా గడ్డకట్టి పిండి అవుతుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆ కరిగిన రాతిలో నీళ్లుంటాయి. రాయి గడ్డకట్టేకొద్దీ వాటికి లోపల చోటుండదు. మూత బిగించిన గిన్నెలో లాగా ఉడికి ఉడికి ఒకనాడు పైనున్న రాయినంతా పగలగొడతాయి. ఒక పగులు కాదు, లక్షల పగుళ్లు. సలసల కాగే ఆ నీళ్లు రాగినీ గంధకాన్నీ తమలో కరిగించుకుని ఆ సందుల్లోంచి పైకి పాకుతాయి. చల్లబడిన చోట మోసుకొచ్చింది దించేసి వెళ్లిపోతాయి. తర్వాత మనకు కనిపించేది తెల్లటి పలుగురాతి గీతలూ, ఆ గీతల్లో ఆవగింజలంత పసుపుపచ్చ మెరుపులూ. నూరు పాళ్ల రాయిలో ఒక పాలు కూడా రాగి ఉండదు. కానీ కొండంతా అట్లాగే ఉంటుంది కాబట్టి కొండను తవ్వేస్తారు.

"చూశావా, అది కూడా నీళ్ల పనే. ఊళ్లో నువ్వు చెప్పేది మరీ అబద్ధమేం కాదులే" అని ఒకసారి ఆయన నవ్వాడు. ఆయన వేసిన జోకుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఇక్కడి రాయి చాలా పాతది. రెండువందల యాభై కోట్ల ఏళ్లు అని నోటితో అనడమే తప్ప మనసుకు అందదు. ఇట్లాంటి రాగి ఎక్కువగా పడుచు కొండల్లో దొరుకుతుంది. ఎందుకంటే అది మరీ లోతున పుట్టదు. కాలం గడిచేకొద్దీ ఎండావానా పైపొరలను గీకి పారేస్తాయి, వాటితోపాటే రాగీ పోతుంది. పాత నేలల్లో మిగలడం అరుదు. కానీ మధ్యప్రదేశ్ అడవుల్లో దాదాపు ఇంతే పాత రాతిలో పెద్ద రాగి బయటపడింది. అక్కడ మిగిలినప్పుడు ఇక్కడెందుకు మిగలదని ఆయన పట్టు.

ఒక మధ్యాహ్నం ఒక వాలులో రాళ్లు చూస్తూ ఉండగా ఆయన ఆగి, "మనం నేల మీద నిలబడ్డామనుకుంటున్నావు కదా. కాదు. కొండ అడుగున నిలబడ్డాం. మన నెత్తి మీద మైలుకు పైగా రాయి ఉండేది" అన్నాడు. నేను పైకి చూశాను. ఆకాశంలో ఒక గద్ద తిరుగుతోంది. అది తిరుగుతున్న చోట రాయి ఉండేది. ఆ రాయంతా ఇసుకై గోదావరిలో కొట్టుకుపోయి ఏ సముద్రం అడుగునో పడి ఉంది. అప్పటినుంచి ఆ వాలులో నడిచినప్పుడల్లా మెడ కొద్దిగా వంగేది. లేని కొండకు తల వంచడమేమిటని నన్ను నేనే తిట్టుకునేవాణ్ని. అయినా వంగేది.

మా దగ్గర ఒక చిన్న మందుల పెట్టె ఉండేది. వాగులో ఇసుకను జల్లించి, మెత్తటిది తీసుకుని ఆ మందు కలిపితే, రాగి ఉన్నచోట గులాబీ రంగు తిరిగేది. ఒక వాగు పట్టుకుని ఎగువకు నడిచేకొద్దీ ఆ రంగు చిక్కబడుతూ పోయింది. చిక్కబడి చిక్కబడి ఒక పల్లె దగ్గర ఆగింది. ముప్పై నలభై ఇళ్లు ఉంటాయి. ఊరికి కాస్త ఎడంగా, వాలు మొదలయ్యే చోట ఒక్క గుడిసె ఉంది. దాని పక్కన బావి.

మిట్టమధ్యాహ్నం ఆ బావి గట్టు మీద నిలబడ్డాను. ఏదో తేడాగా ఉందని తోచింది కానీ ఏమిటో వెంటనే తెలియలేదు. బావి అన్నాక పాచి ఉంటుంది, రాళ్ల సందుల్లో మొక్కలుంటాయి, పిచ్చుకలుంటాయి. ఇక్కడ రాళ్లకు నాచు లేదు. నీళ్ల మీద ఒక్క పురుగు నడవడం లేదు. అడుగున పడిన కుండ పెంకు దాకా తేటగా కనిపిస్తోంది. లోపలి గోడ మీద ఒకచోట నెమలి మెడ రంగు మరక కిందికి జారి ఉంది. ఒక రాయి తీసి వేశాను. చప్పుడైంది, నీళ్లు ఊగాయి, ఆగాయి. అంతే. రాయి వేస్తే కప్పలు దుంకని బావిని నేను అంతకుముందు చూడలేదు.

మెట్లు దిగి దోసిట్లో నీళ్లు తీసుకున్నాను. వెనక నుంచి మాట వినపడింది.

"తాగకు సారూ. గా నీళ్లు తాగితె కడుపుల తిప్పుతది."

గుడిసెలోంచి వచ్చిన మనిషి. ముప్పై ఐదేళ్లుంటాయేమో. బొట్టు లేదు. మెట్ల పైన నిలబడి కొంగు తల మీదికి లాక్కుంది.

"ఎవల బాయి ఇది?" అని అడిగాను.

"నాదే. మా ఇంటాయిన తవ్విచ్చిండు. తవ్విచ్చినంక రెండేండ్లు గూడ బతకలే."

"మరి నువ్వేం నీళ్లు తాగుతవు?"

"వాగుల ఇసుక తవ్వి చెలిమె తీసుకున్న. అండ్లకెళ్లి తెచ్చుకుంట." బావిలోకి చూస్తూ, "నా బాయి నీళ్లు నేనే తాగనని గూడ ఊర్ల అనుకుంటరు సారూ" అంది.

ఏమనుకుంటారో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. మా వైపు పుట్టిన వాళ్లకు అడగనక్కర లేదు. చేతబడి అనరు మా దగ్గర, బాణామతి అంటారు. ఆ మాటను మా ఇళ్లలో పిల్లల ముందు గొంతు తగ్గించి పలికేవాళ్లు. ఎవరి పెరట్లోనో నిమ్మకాయ దొరికిందనో, ఎవరి బర్రె పాలు విరిగాయనో మొదలవుతుంది. ఆ తర్వాత ఒంటరి ఆడమనిషి ఎవరుందో వెతుకుతారు.

"నువ్వు సదువుకున్నోనివి. ఒక్కటి సూపిస్త, ఎవలకు చెప్పద్దు" అంటూ ఆమె గుడిసె కప్పులోంచి గడ్డి తప్పించి ఒక కొడవలి తీసింది. వానాకాలం బావిలో పడిందట. దీపావళి ముందు నీళ్లు దిగాక దొరికిందట. వంకీ పొడుగునా ఎర్రగా ఉంది. తుప్పు ఎరుపు కాదు. కొత్త రాగి చెంబు ఎరుపు.

"మా అవ్వ ఇచ్చిన కొడవలి. ఇనుము రాగైతదా సారూ?"

పైపైన అవుతుంది. బడిలో చదువుకున్న ఎవరికైనా తెలిసిందే. మైలుతుత్తం కలిపిన నీళ్లలో ఇనుప మేకు వేస్తే దాని మీద రాగి పూత పడుతుంది. కింద రాయిలో రాగీ గంధకమూ ఉన్నాయి, గాలీ వానా తగిలి అవి తుత్తంగా మారి బావిలోకి ఊరుతున్నాయి. అందుకే కప్పలు లేవు, నాచు లేదు, తాగితే వాంతులు. ఒక్క మాటలో చెప్పొచ్చు. నీ భూమిలో తుత్తం ఉందమ్మా, నీలో ఏమీ లేదు అని. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను ఆమె మొహం చూడలేదు, కొడవలినే చూస్తున్నాను. నాకు ఆ క్షణంలో భయపడ్డ మనిషి కనపడలేదు, రాగి కనపడింది. నిజం చెప్పాలంటే సంతోషమేసింది.

"చూస్త. దీన్ని నాకిస్తవా?" అన్నాను.

"తీస్కపో సారూ. ఇంట్ల వెట్టుకోవాల్నంటె నాకే భయమైతుంది."

పెద్దసారు ఆ కొడవలిని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, గోటితో గీకి, పసిపిల్లవాడిలా నవ్వాడు. దానికి నంబరు చీటీ కట్టి రాళ్ల సంచుల పక్కన పెట్టాడు. ఆమెకు సంగతి చెబుదామా అని అడిగాను.

"ఏమని చెప్తావు? నీ బావి కింద రాగి ఉందనా?"

"నీళ్లు మంచివి కావని చెబుదాం సార్."

"ఎందుకు కావు అంటారు. అక్కణ్నించే మొదలవుతుంది. డ్రిల్లు పడి తేలేదాకా ఒక్క ముక్క వద్దు."

ఉగాది ముందు రిగ్గు వచ్చింది. బావికి ఇరవై గజాల దూరంలో దించారు. అది బోరు రిగ్గు కాదు. గొట్టం మూతికి వజ్రాలు పొదిగి ఉంటాయి. రాయిని పొడి చేయకుండా కడ్డీగా కోసి పైకి తెస్తుంది. ఊరికి ఆ తేడా ఏం తెలుసు? ఊరిపెద్ద పటేల్ స్వయంగా వచ్చి రిగ్గుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఊరంతా నీళ్లు పడాలని మొక్కింది. వాళ్ల మధ్య నిలబడి నేనూ చేతులు జోడించాను.

మొదటి వంద అడుగులు పెద్దసారు కడ్డీలను ఒళ్లో పెట్టుకున్నంత పని చేశాడు. తెల్ల గీతలు, గీతల్లో పసుపు మెరుపులు. రెండువందలు దాటాక గీతలు పలచబడ్డాయి. మూడువందల దగ్గర శుభ్రమైన గులాబీ రంగు గ్రానైటు మిగిలింది. ఆయన కడ్డీని చెక్కపెట్టెలో పెట్టి చాలాసేపు దాన్నే చూశాడు. "వేళ్లయ్యా ఇవి. చెట్టు ఎప్పుడో కొట్టుకుపోయింది" అన్నాడు.

ఇక్కడ ఇది జరుగుతుంటే ఊళ్లో ఇంకొకటి జరుగుతోంది. రోజూ ఎవరో ఒకరు వచ్చి నీళ్లు పడ్డాయా అని అడిగేవారు. ఇంకా లేదనేవాణ్ని. రాయిని తెచ్చే గొట్టం నీళ్లను చూపించదని చెప్పలేను కదా. "మూడునూర్ల ఫీట్లు వోయినా తడి దాకకపోవుడేంది సారూ" అని ఒకాయన ఆశ్చర్యపోయాడు. ఆ పక్కనున్న ముసలాయన నా వైపు చూడకుండా, "నీళ్లను కట్టేసినట్టున్నది" అన్నాడు. ఎవరు కట్టేశారో అనలేదు. అందరూ గుడిసె వైపు చూశారు. నేనూ చూశాను. వాకిట్లో ఆమె జొన్నలు చెరుగుతోంది.

ఎండలు ముదిరి ఊరి బావులు ఎండిపోయాయి. ఆమె బావిలో మాత్రం తేటగా నీళ్లున్నాయి. రెండిళ్ల వాళ్లు కుండలతో వచ్చారు. ఆమె వద్దని బతిమాలింది. తాగితే పానం మంచిగుండదని చెప్పింది. చెప్పకుండా ఉంటే ఎట్లుండేదో కానీ, చెప్పినందుకు పంతం పట్టి తోడుకున్నారు. మర్నాటికి నలుగురికి వాంతులు. మూడోరోజు వాళ్లలో ఒక ముసలాయన పోయాడు. చలికాలం నుంచి దగ్గుతో మంచాన ఉన్న మనిషి, నీళ్లు తాగకున్నా పోయేవాడేమో. కానీ తాగాక పోయాడు.

ఆ మర్నాడు పటేల్ నన్ను చావడికి పిలిపించాడు. పెద్దసారు ఊళ్లో లేడు. పై ఆఫీసుతో ఫోన్లో మాట్లాడడానికి ఆదిలాబాద్ పోయాడు. నేను వెళ్లేసరికి ఊరు ఊరంతా కూర్చుని ఉంది. ఆమె ఒక పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. ఆమె చుట్టూ నేల ఖాళీగా ఉంది.

పటేల్ చెడ్డవాడు కాదు. ఇది నేను ఆయన మీద జాలితో అంటున్న మాట కాదు.

"సారూ, ఊకెనే ఒకల మీద నింద వేసుడు నాకిష్టం లేదు" అన్నాడు. "మీరు ఆర్నెల్లసంది గీ నీళ్లే పరీక్ష చేస్తున్నరు. మాకంటె మీకు ఎరుక. గామె బాయి నీళ్లు మంచియా, చెడ్డయా? గదొక్కటి చెప్పుండ్రి. మీరేమంటె మేం గదే వట్టుకొని ఉంటం."

నాకు ఆలోచించుకోవడానికి ఎంత సమయం దొరికిందో తెలియదు. చెడ్డవి అంటే ఎందుకు అంటారు. రాగి సంగతి బయటికి రాకూడదు. ఏదో ఒక కారణం చెప్పకపోతే ఈమే ఏదో మందు కలిపిందంటారు. మంచివి అంటే? మంచివి అంటే ఆమె బావి మీద మాట పోతుంది, ఆమె మీద మాట పోతుంది. అట్లా లెక్క వేసుకున్నాను. పుస్తకాలు బాగా చదివిన వాడి తెలివి.

"నీళ్లు మంచిగనే ఉన్నయి" అన్నాను.

పటేల్ తల ఊపాడు. నా మాటను అందరికీ వినపడేట్టు ఇంకోసారి చెప్పాడు. తర్వాత మెల్లగా, "గట్లయితె నీళ్లల్ల లేదు" అన్నాడు.

ఎక్కడుందో ఎవరూ అడగలేదు. అందరి కళ్లూ ఒకేసారి అటు తిరిగాయి. అప్పుడు నాకు అర్థమైంది.

"అయినా, కొన్నొద్దులు గా నీళ్లు తాగకుండ్రి" అని తొందరగా అన్నాను.

"మంచియైతె ఎందుకు తాగొద్దు సారూ?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేదు. ఆమె వాళ్లెవరి వైపూ చూడలేదు, నా వైపే చూస్తోంది. కొడవలి నా దగ్గర ఉందని ఆ చావడిలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి చెబుతానని ఎదురుచూసింది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

ఎవరూ ఆమె మీద చెయ్యి ఎత్తలేదు. అంతకన్నా నిమ్మళంగా జరిగింది. తెల్లారేసరికి ఊళ్లోంచి ఆమె గుడిసెకు పోయే బాటకు అడ్డంగా ముళ్లకంప పడి ఉంది. దుకాణంలో ఆమె చేతి నుంచి పైసలు తీసుకోలేదు. వాగులో ఆమె చెలిమెను ఇసుకతో పూడ్చారు. ఆమె ఇంకొకటి తీసుకుంది. దాన్నీ పూడ్చారు. రెండోసారి పూడ్చినప్పుడు నేను అవతలి ఒడ్డున సంచులు సర్దుతున్నాను. పూడుస్తున్న ఆడవాళ్లు నన్ను చూసి, సారుకు దండం పెట్టండని పిల్లలకు చెప్పారు. అయిదో రోజు గుడిసె తలుపుకు తాడు కట్టి ఉంది. గోదావరి ఒడ్డు బొగ్గుగనుల దగ్గర తమ్ముడున్నాడట, అక్కడికి పోయిందన్నారు.

పెద్దసారు తిరిగి వచ్చాక అంతా చెప్పాను. "రూల్ ప్రకారం నువ్వు చేసింది కరెక్టే" అన్నాడు. ఆ తర్వాత నాతో పోర్ఫిరీ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఎండాకాలం చివర రిపోర్టు రాశాం. రాగి లాభసాటిగా లేదు, పని ఆపవచ్చు. అందులో ఒక వాక్యం నేను పట్టుబట్టి చేర్చాను. ఫలానా బావి నీటిలో రాగి లవణాలున్నాయి, తాగడానికి పనికిరాదు అని. ఇంగ్లీషులో రాశాం, హెడ్డాఫీసుకు పంపాం. అక్కడ అది ఏ బీరువాలోకి పోయిందో నాకు తెలియదు. ఆ పల్లెకు మాత్రం రాలేదు.

రిగ్గు వెళ్లిపోయాక చివరి కడ్డీల పెట్టెలు ఎత్తించడానికి ఒకసారి అక్కడికి పోయాను. మబ్బు పట్టి ఉంది, ఇంకా వాన రాలేదు. మేం వదిలేసిన ఇనుప గొట్టం నేల మీద మూరెడు ఎత్తున నిలబడి ఉంది. గుడిసె కప్పు ఒక పక్కకు ఒరిగింది. బావిని రాళ్లతో పూడ్చారు. ఎక్కడా మనిషి లేడు. అప్పుడు వినపడింది, ఎవరో ముక్కుతో నిదానంగా గాలి వదిలినట్టు. ఆగి చూశాను. మళ్లీ. గొట్టంలోంచి వస్తోంది. మూతి మీద అరచెయ్యి పెట్టాను. చల్లటి గాలి చేతికి తగిలింది.

దీనికీ కారణం ఉంది. లోతైన బోర్లు ఊపిరి పీల్చి వదులుతాయి. పైన వాతావరణం బరువు తగ్గితే లోపలి గాలి బయటికి వస్తుంది, పెరిగితే బయటి గాలి లోపలికి పోతుంది. వాన ముందు మబ్బు పట్టినప్పుడు గాలి బరువు తగ్గుతుంది కనుక అది బయటికే వస్తుంది. ఇవన్నీ అక్కడ నిలబడి నాకు నేను అప్పజెప్పుకున్నాను. చివరిదాకా తప్పు లేకుండా అప్పజెప్పి, చెయ్యి తీసి, జీపు వైపు పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో డ్రైవరుకు చెప్పలేదు. ఊళ్లో వాళ్లు ఆ గొట్టంలో ఉన్నది ఆమె ఊపిరే అంటారని తర్వాత ఎవరో చెబితే నవ్వాను కానీ, ఆ నవ్వు నాకే నచ్చలేదు.

పదమూడు పద్నాలుగేళ్లు గడిచాయి. ఎనభైల చివర బొగ్గుగనుల టౌన్‌షిప్పులో పని పడి పోయాను. సాయంత్రం కూరగాయల అంగడిలో వంకాయలు ఏరుతుంటే, గంప వెనక కూర్చున్న ఆమె తల ఎత్తి, "నీళ్ల సారు గదా?" అంది.

జుట్టు సగం తెల్లబడింది. గొంతు అదే. చేతిలో వంకాయను గంపలో పెట్టేశాను. అక్కడే తమ్ముడి క్వార్టరుంది రమ్మంటే పోయాను. బయట, కారుతున్న నల్లా పక్కన పీట వేసింది. కూర్చుని అంతా చెప్పాను. అడగకముందే మొదలుపెట్టాను. భూమి లోపల రాయి కరగడం, లోపలి నీళ్లు కొండను పగలగొట్టడం, రాగి పాకి రావడం, కొండ పోయి వేళ్లు మిగలడం, తుత్తం బావిలోకి ఊరడం, కొడవలి ఎర్రబడడం. చేతులతో చూపిస్తూ చెప్పాను. అరగంట పట్టింది.

"గిదంత నీకు ఎప్పుడు ఎరుకైంది సారూ?"

"నువ్వు కొడవలి సూపెట్టిననాడే."

ఆమె తల ఊపింది. కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ జరగలేదు.

"నా కొడవలి ఏడున్నది?"

"గోదాంల ఉన్నది. నంబరేసి పెట్టిన్రు."

"మా అవ్వది గది" అంది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ, "నేను గూడ అనుకున్న సారూ, నాల ఏమన్న ఉన్నదేమోనని. నువ్వు సదువుకున్నోనివి, నీళ్లు మంచియే అంటివి. మరి నాలనే ఉండాలె గద. గీడికొచ్చినంక మా తమ్ముని పోరగాండ్లకు చాన దినాలు నా చేతులతోని నీళ్లు ఇయ్యలే. దూపైతుందని ఏడ్చినా ఇయ్యలే" అంది.

అందుకు చెప్పడానికి ఏ శాస్త్రంలోనూ ఏమీ లేదు. తప్పయిందని మాత్రం అన్నాను. చాలా చిన్న మాట, అయినా అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు. లేచి లోపలికి పోయింది. బిందె మూత తీసిన చప్పుడైంది. స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి నా ముందు పట్టింది.

తేటగా ఉన్నాయి. గ్లాసు అడుగు దాకా కనిపిస్తోంది. చెయ్యి చాపాను. గ్లాసుకు బెత్తెడు దూరంలో నా చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. నేను ఆపలేదు, అదే ఆగింది.

ఆమె నా చెయ్యి వైపు చూసింది. తర్వాత నా మొహం వైపు చూసింది. గ్లాసు అట్లాగే పట్టుకుని ఉంది.

"నల్లా నీళ్లే సారూ" అంది.